మాడ్రిడ్ నుంచి తొలేదోకి: ఒంటరిగా, రైల్లో, ఒక్క రోజులో

తొలేదో చూసొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగితే ముందు ఊరి గురించి కాదు, తమ కాళ్ల గురించి చెబుతారు. కొండ మీద ఊరు, రాళ్లు పరిచిన సందులు, ఎటు తిరిగినా ఎక్కుడో దిగుడో. మొదటిసారి నాదీ అదే కథ. ఒకే కొండను మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగాను. ఏ బొమ్మ కోసం వెళ్లానో దాని దగ్గరికి చేరేసరికి తలుపులు మూసేశారు. రెండోసారి వెళ్లేముందు మ్యాపు ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది, తప్పు కొండది కాదని.

తాహో నది ఈ ఊరిని మూడు వైపులా గుర్రపు నాడాలా చుట్టుకుని పారుతుంది. తూర్పున ఒక పాత వంతెన, పడమర మరో పాత వంతెన. రైల్వే స్టేషన్ తూర్పు వైపు, నదికి అవతలి ఒడ్డున ఉంది. తూర్పు వంతెన మీదుగా ఊళ్లోకి ఎక్కి, చూడాల్సినవి చూసుకుంటూ పడమరకు నడిచి, పడమటి వంతెన దాటి, అవతలి ఒడ్డున ఉన్న రోడ్డు పట్టుకుని చుట్టి వస్తే మళ్లీ స్టేషన్ దగ్గరే తేలతాం. ఊరి కొండ ఎక్కేది ఒక్కసారే. కింద చెప్పేదంతా ఈ చుట్టు ప్రకారమే.

పేరు సంగతి కూడా ఒక ముక్క. ఇంగ్లిష్ అలవాటులో టొలీడో అంటే అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒహాయో ఊరు గుర్తొస్తుంది. స్పెయిన్‌వాళ్లు పలికేది మన త, దలతోనే: తొలేదో. ఆ లెక్కన మాడ్రిడ్‌ని కూడా మద్రీద్ అని రాయాలి కానీ, అలవాటైన పేరు కాబట్టి వదిలేశాను.

1. రోజు ఎంచుకోవడం

సోమవారం వద్దు. చిత్రకారుడు ఎల్ గ్రేకో పేరిట ఉన్న మ్యూజియం, ఎల్ త్రాన్సితో యూదు ప్రార్థనా మందిరం ఆ రోజు మూసి ఉంటాయి. ఆదివారం పొద్దున కెథడ్రల్లో ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి సందర్శకులను మధ్యాహ్నం దాకా లోపలికి పంపరు. శనివారం మాడ్రిడ్ జనమంతా ఇక్కడే ఉంటారు. మంగళవారం నుంచి శుక్రవారం మధ్యలో ఏదో ఒక రోజు చూసుకోండి.

మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరు హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీల దగ్గరికి పోతుంది. మన రామగుండం ఎండలు చూసినవాళ్లకు అదొక లెక్కా అనుకోవచ్చు, కానీ రామగుండంలో మధ్యాహ్నం రెండింటికి ఎవరూ కొండ ఎక్కరు కదా. వేసవిలో తప్పనిసరైతే మొదటి రైళ్లలోనే వెళ్లండి, సాయంత్రం నడక బదులు బస్సు ఎక్కండి.

2. టికెట్

మాడ్రిడ్ నుంచి తొలేదో దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్లు. ఈ దారిలో రెన్ఫే సంస్థ నడిపే ఆవాంత్ అనే వేగపు రైళ్లుంటాయి. ప్రయాణం అరగంటకు కాస్త ఎక్కువ, అంతే. 1992లో మొదలైన, సెవియ్యా నగరానికి వెళ్లే లైను మీద సగానికి పైగా దూరం వెళ్లి, 2005లో వేసిన చిన్న పాయలోకి తిరిగి తొలేదోలో ఆగుతాయి. అదే చివరి స్టేషన్ కాబట్టి దిగడం మరిచిపోతామేమోనన్న టెన్షన్ లేదు.

ఒక వైపు టికెట్ సుమారు 14 యూరోలు. రానూపోనూ కలిపి తీసుకుంటే కొంత తగ్గుతుంది. టికెట్ కొనే చోట ‘ఇదా ఇ వ్వెల్తా’ అని ఉంటే అదే రానూపోనూ. ఆవాంత్‌లో ప్రతి టికెట్‌కూ సీటు నంబరు ఉంటుంది, నిలబడి వెళ్లే పద్ధతి లేదు. సీట్లు అయిపోతే ఆ రైలు మనది కానట్టే. సెలవు రోజుల్లో పొద్దున వెళ్లేవి, సాయంత్రం వచ్చేవి ముందే నిండిపోతాయి. కనీసం రెండు మూడు రోజుల ముందు కొనుక్కోండి.

కొనేటప్పుడు మనవాళ్లకు తగిలే చిక్కులు రెండు. మొదటిది కార్డు. మన బ్యాంకుల కార్డుల మీద విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపి ఉంటాయి, బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి. ఇండియా నంబరుకే ఓటీపీ వస్తుంది కాబట్టి ఆ సిమ్ తీసి పారేయకండి. ఆన్‌లైన్లో కుదరకపోతే స్టేషన్‌లో మిషన్లున్నాయి, కౌంటరూ ఉంది. రెండోది ఇంటిపేరు. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ ఇంటిపేర్లు రెండు, ఒకటి నాన్న వైపుది, ఒకటి అమ్మ వైపుది. అందుకే అక్కడి ఫారాల్లో ఇంటిపేరుకు రెండు గడులుంటాయి. మొదటి గడిలో పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు రాసి రెండోది వదిలేయండి. అమ్మగారి పుట్టింటిపేరు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఏ రైలు? వెళ్లేటప్పుడు తొమ్మిది ప్రాంతంలో బయల్దేరేది సరిగ్గా సరిపోతుంది, కెథడ్రల్ తెరిచే పదింటికల్లా కొండ మొదట్లో ఉంటాం. తిరుగు రైలు సూర్యాస్తమయాన్ని బట్టి ఎంచుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది, డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. పొద్దు గుంకిన గంట, గంటన్నరకు ఉన్న రైలు నా ఎంపిక. జూన్‌లో మాత్రం అంత రాత్రి రైలు దొరకదు, అస్తమయం వదులుకోక తప్పదు.

3. ఆతోచా స్టేషన్

మాడ్రిడ్ నడిబొడ్డు సోల్ నుంచి మెట్రో 1వ లైను ఎక్కితే నాలుగో స్టాపు ఆతోచా. దానికి ముందు స్టాపు పేరు ‘ఎస్తాసియోన్ దెల్ ఆర్తె’. 2018 దాకా దాన్నే ఆతోచా అనేవారు, ఇప్పటి ఆతోచా అప్పట్లో ఆతోచా రెన్ఫే. పాత గైడు పుస్తకం, పాత బ్లాగు పట్టుకుని వెళ్లేవాళ్లు ఇక్కడే తడబడతారు. ‘ఎస్తాసియోన్’ అన్న మాట వినగానే లేచి దిగేయకండి.

అరగంట ముందు చేరండి. పాత రైలు హాలు ఇప్పుడు తాటి చెట్లతో నిండిన తోట. 1892 నాటి ఇనుము, గాజు కప్పు కింద ఆ పచ్చదనం చూస్తూ ఓ కాఫీ తాగొచ్చు. తర్వాత సంచులు స్కానర్‌లో పెట్టి లోపలికి వెళ్లాలి. బోర్డు మీద రైలు పక్కన ‘వీయా’ అని వచ్చేదే ప్లాట్‌ఫామ్ నంబరు, అది బయల్దేరడానికి కాసేపటి ముందు గానీ పడదు. గేటు రైలు టైముకు రెండు నిమిషాల ముందే మూసేస్తారు. మన దగ్గరలా కదిలే రైలు వెంట పరిగెత్తే అవకాశం లేదు. టికెట్ మీద ‘కోచె’ అంటే పెట్టె, ‘ప్లాసా’ అంటే సీటు.

జేబుదొంగల భయం తొలేదోలో కన్నా ఇక్కడ, మెట్రోలోనే ఎక్కువ. అసలు పాస్‌పోర్టు లోపలి జేబులో, ఫొటో కాపీ ఫోన్లో, కొంత నగదు వేరే చోట. ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ పోతే టికెట్, మ్యాపు, డబ్బు ఒకేసారి పోయినట్టే, కాబట్టి టికెట్ కాగితం మీద కూడా ఒకటి ఉంచుకోండి. అత్యవసర నంబరు 112.

4. దిగగానే వెళ్లిపోవద్దు

తొలేదో స్టేషన్‌ని జనం దాటుకుంటూ పరిగెత్తుతారు. పది నిమిషాలు ఆగండి. 1919లో కట్టిన ఈ భవనం పాత ముదేహార్ శైలికి కొత్త రూపం. ముదేహార్ అంటే క్రైస్తవ రాజుల ఏలుబడిలో ముస్లిం పనివాళ్ల చేతి నుంచి వచ్చిన పద్ధతి: ఇటుక తోరణాలు, చెక్క పనితనం, రంగు పలకలు. పైన కొండ మీద చూడబోయేదానికి ఇది మచ్చుతునక.

బయట టూరిస్టు బస్సుల వాళ్లు పిలుస్తారు. ఊళ్లోకి మామూలు సిటీ బస్సు కూడా ఉంది. నేనైతే నడవమంటాను, ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. కుడి వైపు తిరిగి రోడ్డు వెంటే వెళ్తే అల్కాంతరా వంతెన వస్తుంది. అరబ్బీలో ‘అల్ ఖంతరా’ అంటేనే వంతెన. దానికి స్పానిష్‌లో ‘పువెంతె దె అల్కాంతరా’ అని పేరు, అంటే వంతెన అనే వంతెన. మన గేటు దర్వాజా లాంటిదే. రోమన్ల కాలం నుంచి ఇక్కడ వంతెన ఉంది, పడిపోయినప్పుడల్లా ఎవరు ఏలుతుంటే వాళ్లు కట్టారు.

వంతెన దాటాక ఎక్కుడు మొదలు. పైకి చేరితే థొకొదొవేర్ చౌరస్తా. ఈ పేరూ అరబ్బీదే, పశువుల సంత అని అర్థం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సులో ఇక్కడే దిగొచ్చు.

చౌరస్తాలో కూర్చుని నీళ్లు తాగుతూ ఊరి కథ ఒకసారి తలుచుకుంటే తర్వాత చూసేవన్నీ అతుకుతాయి. రోమన్ల తర్వాత స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల రాజధాని ఇది. 711 తర్వాత ముస్లిం పాలకుల చేతికి వచ్చింది. 1085లో క్రైస్తవ రాజ్యమైన కస్తీయాను ఏలే ఆరో అల్ఫోన్సో తీసుకున్నాడు. 1561లో రెండో ఫిలిప్ తన దర్బారును మాడ్రిడ్‌కు మార్చేశాడు. రాజు వెళ్లిపోయిన ఊరిలో పాతవి కూల్చి కొత్తవి కట్టే డబ్బు, అవసరం రెండూ తగ్గిపోయాయి. మనకు ఇవాళ ఇన్ని కాలాలు ఒకే చోట కనబడటానికి అదీ ఒక కారణం. 1986లో యునెస్కో జాబితాలో చేరింది.

మనకు దగ్గరి కథ ఇంకొకటుంది. 12, 13 శతాబ్దాల్లో అరబ్బీ పుస్తకాలను లాటిన్‌లోకి, కస్తీయా భాషలోకి (ఇప్పటి స్పానిష్ అదే) మార్చే పని ఈ ఊళ్లో జోరుగా సాగింది. త్రికోణమితిలో మన ‘జ్యా’ అరబ్బీలో ‘జీబ’ అయింది, దాన్ని ‘జైబ్’ అని చదివి, ఆ మాటకు మడత అనే అర్థం తీసి లాటిన్‌లో ‘సైనస్’ అన్నారు 12వ శతాబ్దపు అనువాదకులు. మనం ఇంటర్‌లో బట్టీ పట్టిన సైన్ అదే. 1221లో ఈ ఊళ్లోనే పుట్టిన పదో అల్ఫోన్సో యువరాజుగా ఉన్నప్పుడు, 1251లో, అరబ్బీ నుంచి కథల పుస్తకం ఒకటి కస్తీయా భాషలోకి చేయించాడు. పేరు ‘కలీలా ఎ దిమ్నా’. కలీలా, దిమ్నా ఎవరో కాదు, పంచతంత్రంలో మన కరటక దమనకులే.

5. కెథడ్రల్: పొద్దున్నే, తీరిగ్గా

థొకొదొవేర్ నుంచి ‘కాయె కొమెర్సియో’ అనే బజారు వీధిలో పది నిమిషాల లోపే. టికెట్ కెథడ్రల్ ఎదుటి దుకాణంలో ఇస్తారు, సుమారు 12 యూరోలు, ఆడియో గైడు తీసుకోండి. 1226లో మొదలుపెట్టి 1493లో పూర్తిచేసిన కట్టడం. రెండు గంటలు పెట్టుకోండి.

అన్నీ చూడాలనుకోకండి, తల తిరుగుతుంది. నాలుగు చాలు. గాయకుల ఆసనాల కింది వరస చెక్కడాలు మొదటివి: ఒక్కో ఆసనం వెనక, స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యమైన గ్రనాడా మీద జరిగిన యుద్ధంలో ఒక్కో కోట లొంగిపోయిన దృశ్యం. యుద్ధం ముగియకముందే చెక్కడం మొదలుపెట్టారు, ఒక రకంగా ఆనాటి వార్తాపత్రిక. రెండోది ‘త్రాన్స్‌పారెంతె’. ప్రధాన పీఠం వెనక చీకటిగా ఉంటుందని పైకప్పుకు కన్నం కొట్టించి, వెలుగు కిందికి దూకేలా 1732లో శిల్పి నార్సిసో తొమే పూర్తిచేసిన పని. అప్పటికే వందల ఏళ్ల వయసున్న కప్పుకు కన్నం పెట్టిన ధైర్యానికే దండం పెట్టొచ్చు. ఎండ ఉన్న రోజు దాని కింద నిలబడి తల ఎత్తండి. మూడోది ఖజానాలో ఉన్న, ఆర్ఫె అనే కంసాలి చేసిన భారీ కుస్తోదియా, అంటే పవిత్ర రొట్టెను ఉంచి చూపే పాత్ర, వెండి, బంగారాల శిఖరం లాంటిది. అందులో కొలంబస్ తెచ్చిన బంగారం ఉందని చెబుతారు. కార్పుస్ క్రిస్తీ పండుగకు దాన్ని ఊరేగిస్తారు. నాలుగోది సాక్రిస్తీలో, అంటే పూజ సామగ్రి ఉంచే గదిలో, ఎల్ గ్రేకో గీసిన ‘ఎల్ ఎక్స్‌పోలియో’, క్రీస్తు ఒంటి మీది బట్టలు లాగేసే ఘట్టం. ఆ ఎరుపు రంగు కళ్లలో చాలాసేపు ఉంటుంది.

నడుస్తూ పైకి చూస్తే అక్కడక్కడ ఎర్ర టోపీలు వేలాడుతుంటాయి. కింద సమాధిలో ఉన్న కార్డినల్ టోపీ అది. కుళ్లి రాలిపోయేదాకా తీయరు.

అల్కాసార్ కోట మాటేమిటంటారా? 1936 అంతర్యుద్ధంలో దెబ్బతిని, మళ్లీ కట్టిన కోట. లోపల సైన్యం మ్యూజియం. కత్తులు, ఫిరంగులంటే ప్రాణమైతే వెళ్లండి, లేదంటే బయటి నుంచి చూసి వచ్చేయండి. లోపలికి వెళితే రోజులో సగం పోతుంది. సూర్య ద్వారం దగ్గరున్న క్రిస్తో దె లా లూస్ మసీదు చిన్నదైనా అపురూపం. 999లో కట్టారు, తొమ్మిది కప్పులు, ఏ రెండూ ఒకలా ఉండవు. కాకపోతే అది దిగుడులో ఉంది. అక్కడికి వెళ్తే మళ్లీ ఎక్కాలి. ఓపిక మీది.

6. భోజనం

వంటగదులు ఒంటిగంటన్నర తర్వాత గానీ వేడెక్కవు. పన్నెండింటికి ఆకలేస్తే మన సంగతి అంతే, సంచిలో అరటిపండు పెట్టుకోండి. ఒంటరిగా ఉన్నవాళ్లు టేబుల్ కోసం ఎదురుచూడకుండా ‘బారా’ అనే కౌంటరు దగ్గర నిలబడో, ఎత్తు స్టూలు మీదో తినొచ్చు. ఎవరూ వింతగా చూడరు.

మాంసం తినేవాళ్లకు ఈ ఊరి వంటకం కార్కమూసాస్, టమాటా పులుసులో పంది మాంసం. కౌజు పిట్ట కూరకూ పేరుంది. శాకాహారులకు కష్టమే కానీ పస్తులుండక్కర్లేదు. పిస్తో మాంచేగో అడగండి: వంకాయ లేదా గుమ్మడి జాతి కాయలు, టమాటా, మిరప, ఉల్లి నూనెలో మగ్గబెట్టిన కూర, మన ముద్దకూరకు చుట్టం. మీద గుడ్డు పగలగొట్టి ఇస్తారు, వద్దంటే ‘సిన్ వెవొ’ అనండి. మాంచేగో జున్ను, రొట్టె కడుపు నింపుతాయి. తోర్తియా అంటే ఇక్కడ బంగాళాదుంప, గుడ్ల అట్టు. ‘వెజిటేరియన్’ అంటే సరిపోదు. కూరగాయల వంటకంలో కూడా రుచి కోసం హామ్ అనే పంది మాంసం ముక్కలు వేస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కిందికి రాదు. ‘సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో’ అని మూడూ విడివిడిగా చెప్పండి: మాంసం వద్దు, హామ్ వద్దు, చేప వద్దు.

మసపాన్ ఈ ఊరి తీపి. బాదం, చక్కెర రుబ్బి చేసే ముద్ద. మన బాదం బర్ఫీకి దగ్గరగానే ఉంటుంది కానీ నెయ్యి, యాలకుల వాసన లేకుండా. మఠాల్లోని సన్యాసినులు చేసి అమ్మేది కూడా దొరుకుతుంది. నిగనిగ కోసం పైన గుడ్డు సొన పూస్తుంటారు, గుడ్డు ముట్టనివాళ్లు అడిగి కొనండి.

7. పడమటి వైపు: మధ్యాహ్నమంతా ఇక్కడే

ముందుగా ‘పుల్సేరా తురీస్తికా’ కొనండి. చేతికి కట్టే పట్టీ, ఏడు చోట్లకు ఒక్కో ప్రవేశం, సుమారు 14 యూరోలు. సాంతో తొమే, సాంతా మరీయా లా బ్లాంకా, సాన్ హువాన్ దె లోస్ రేయెస్, మసీదు, జెసూట్ల చర్చి ఇందులో ఉన్నాయి. కెథడ్రల్, ఎల్ త్రాన్సితో లేవు. మూడు చూసేవాళ్లకు విడిగా కొన్నా దాదాపు అంతే అవుతుంది, నాలుగైతే పట్టీయే లాభం. జెసూట్ల చర్చి గోపురం ఎక్కితే కెథడ్రల్ ఎదురుగా, మన కళ్ల ఎత్తులో నిలబడి ఉంటుంది.

ఇప్పుడు సాంతో తొమే. చిన్న చర్చి, ప్రవేశంలోనే ఒక్క బొమ్మ. ఎల్ గ్రేకో 1586 నుంచి 1588 దాకా గీసిన ‘ఒర్గాస్ ప్రభువు ఖననం’. ఎత్తు దాదాపు అయిదు మీటర్లు. మ్యూజియం కోసం గీసింది కాదు, ఆ ప్రభువు సమాధి ఉన్న చోట, దాని కోసమే గీసింది, ఇప్పటికీ అక్కడే ఉంది. కథేమిటంటే, పుణ్యాత్ముడైన ఆ ప్రభువును పూడ్చే వేళ ఇద్దరు సెయింట్లు, స్తెఫాను, అగస్టీను, స్వయంగా దిగివచ్చి ఒంటిని ఎత్తి సమాధిలో ఉంచారట. కింది సగంలో భూమి, నల్ల దుస్తులు, తెల్ల మెడపట్టీలు, వరసగా ముఖాలు. పై సగంలో ఆకాశం కరిగి పారుతుంటుంది.

ఎడమ కింద ఒక పిల్లాడు వేలు చూపిస్తూ మన వైపే చూస్తుంటాడు. చిత్రకారుడి కొడుకు హోర్హె మనువేల్. జేబులోంచి వేలాడే రుమాలు మీద చిత్రకారుడి సంతకం, పిల్లాడు పుట్టిన 1578వ సంవత్సరం ఉన్నాయి. ఎల్ గ్రేకో అసలు ఈ ఊరివాడు కాడు, క్రీట్ దీవిలో పుట్టిన గ్రీకువాడు. 1577లో వచ్చి 1614లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు, గ్రీకువాడు అన్న మాటే అతని పేరైంది. ఈ బొమ్మకు 1,200 దుకాత్లు (ఆనాటి బంగారు నాణేలు) విలువ కడితే ఎక్కువని చర్చివాళ్లు గొడవపెట్టారు. మళ్లీ విలువ కట్టిస్తే 1,600 అయింది. చివరికి మొదటి 1,200కే రాజీ పడ్డారు. బేరం బెడిసికొట్టిన కథలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

గుంపులు వచ్చిపోతుంటాయి, ఒక్కో గుంపు పది నిమిషాలు. గుంపుకూ గుంపుకూ మధ్య రెండు నిమిషాల ఖాళీ దొరుకుతుంది. ఒంటరిగా రావడంలో ఉన్న లాభం ఇక్కడే తెలుస్తుంది, ‘ఇంకెంతసేపు’ అనేవాళ్లు పక్కన ఉండరు. నేను మూడు గుంపులు పోయేదాకా నిలబడ్డాను.

అక్కడి నుంచి దిగుడులో పాత యూదుల వాడ. సాంతా మరీయా లా బ్లాంకా ముస్లిం పనివాళ్లు తమ శైలిలో కట్టిన యూదు మందిరం, తర్వాత చర్చి అయింది. తెల్లటి గుర్రపు నాడా తోరణాలు వరసలు వరసలుగా ఉంటాయి. దగ్గర్లోని ఎల్ త్రాన్సితో 14వ శతాబ్దంలో రాజు కోశాధికారి సామువేల్ హా-లేవీ కట్టించాడు. గోడల మీద హీబ్రూ, దాని పక్కనే అరబ్బీ. 1492లో యూదులను దేశం నుంచి వెళ్లగొట్టాక ఆ ప్రార్థనలు ఆగిపోయాయి. సమయం ఒక్కదానికే ఉంటే ఎల్ త్రాన్సితోకి వెళ్లమంటాను, పైకప్పు చెక్క పని కోసం.

చివరగా సాన్ హువాన్ దె లోస్ రేయెస్. గ్రనాడాను గెలిచిన రాజదంపతులు ఫెర్దినాండు, ఇసబెల్లా కట్టించిన మఠం. బయటి గోడలకు వేలాడే ఇనుప గొలుసులు గ్రనాడా రాజ్యం నుంచి విడిపించిన క్రైస్తవ ఖైదీలవి.

దారిలో దుకాణాల నిండా కత్తులు, నల్ల ఉక్కు మీద బంగారు తీగ కొట్టిన దమస్కినాదో నగలు. ఇంట్లో బిద్రీ సామాను ఉన్నవాళ్లకు ఆ పని చూడగానే తెలిసిపోతుంది. యంత్రంతో చేసినవే ఎక్కువ, చేతిపనిదైతే ‘ఎచో ఆ మానో’ అని అడిగి చూపించమనండి. కత్తి కొంటే విమానంలో చేతిసంచిలో తేలేరని గుర్తుంచుకోండి.

8. వంతెన దాటి చుట్టు

మఠం నుంచి అయిదు నిమిషాలు దిగితే 14వ శతాబ్దపు సాన్ మార్తీన్ వంతెన. దీని మీద ఒక కథ చెబుతారు. కట్టిన మేస్త్రీకి తన లెక్క తప్పిందని, ఆసరా చట్రం తీయగానే తోరణం కూలుతుందని చివర్లో తెలిసిందట. బెంగతో మంచం పట్టిన మొగుణ్ని చూసి, భార్య రాత్రికి రాత్రి వెళ్లి చట్రానికి నిప్పుపెట్టిందట. అందరూ పిడుగనుకున్నారు, మేస్త్రీ ఈసారి లెక్క సరిచేసుకుని కట్టాడు.

వంతెన దాటి ఎడమకు తిరిగితే లోయ మీది రోడ్డు. మొదట్లో కాస్త ఎక్కుడుంటుంది, సందుల్లోలాగా కాదు. కొంతదూరం వెళ్లాక మిరదోర్ దెల్ వాయె, అంటే లోయను చూసే చోటు. నది, అల్కాసార్, కెథడ్రల్, ఊరంతా ఒకే చూపులో. మామూలు తొలేదో ఫొటో అంటే ఇక్కడి నుంచి తీసిందే. అస్తమయానికి అరగంట ముందు చేరండి. మన ఫొటో తీయమని అడగాలంటే కెమెరా మెడలో వేసుకున్నవాళ్లను అడగండి, కాళ్లు కోయకుండా తీస్తారు.

తర్వాత అదే రోడ్డులో ముందుకు వెళ్తే అల్కాంతరా వంతెన, అక్కడి నుంచి పొద్దున నడిచిన దారే, స్టేషన్. సాన్ మార్తీన్ వంతెన నుంచి స్టేషన్ దాకా మొత్తం చుట్టుకు గంటన్నర, ఫొటోలతో రెండు గంటలు. దారంతా ఊరు ఎడమ చేతి వైపే ఉంటుంది, కాబట్టి మన లెక్కలో ఇది అప్రదక్షిణం. పుణ్యం కావాలనుకునేవాళ్లు పొద్దున్నే తిరగేసి మొదలుపెట్టొచ్చు కానీ, అప్పుడు అస్తమయం పోతుంది.

చీకటి పడ్డాక మాత్రం ఈ రోడ్డు మీద ఒంటరి నడక వద్దు, ఆడవాళ్లకే కాదు, ఎవరికైనా. మనుషులు తగ్గిపోతారు, కార్లు వేగంగా వస్తాయి. మిరదోర్ నుంచి సిటీ బస్సు ఉంది, చివరి బస్సు ఎన్నింటికో పొద్దున థొకొదొవేర్ స్టాపులోనే చూసి పెట్టుకోండి. తప్పిపోతే టాక్సీ, దూరం తక్కువ కాబట్టి పెద్ద ఖర్చు కాదు.

9. తిరుగు రైలు

ఇరవై నిమిషాల ముందు స్టేషన్‌లో ఉంటే చాలు, ఇక్కడా సంచులు స్కానర్‌లో పెట్టాలి. రైలు టికెట్లు, ప్రవేశాలు, మామూలు భోజనం, ఓ చిన్న మసపాన్ పెట్టె కలిపి నాకు 70 యూరోల లోపే అయింది.

రైల్లో బూట్లు కాస్త వదులు చేసుకోండి గానీ విప్పకండి. అరగంటలో ఆతోచా వచ్చేస్తుంది, వాచిన కాళ్లు మళ్లీ బూట్లలో పట్టవు. మాడ్రిడ్ మెట్రో రాత్రి ఒకటిన్నర దాకా నడుస్తుంది.